చచ్చాక కట్టిన పద్నాలుగు వాయిదాలు

జాగ్రత్తమ్మ తన చావుని ముప్పై ఏళ్ళుగా రకరకాలుగా ఊహించుకుంటూ వచ్చింది. మెట్ల మీద కాలు జారి పోవడం, గ్యాసు వాసన పసిగట్టలేక పోవడం, రోడ్డు దాటుతూ ఒకవైపు చూస్తుంటే రెండోవైపు నుంచి లారీ రావడం, గొంతులో మాత్ర అడ్డం పడటం. నిద్రలో పోవడం కూడా ఒకసారి ఊహించుకుంది గానీ, అంత సుఖమైన చావు తనకి రాసిపెట్టి ఉండదని దాన్ని జాబితాలోంచి కొట్టేసింది. ఇన్ని అనుకున్న మనిషి, ఆరేళ్ళ కిందటే, ఒక కంప్యూటర్లో, తనకి మాటమాత్రమైనా తెలియకుండా పోయి ఉంటానని మాత్రం అనుకోలేదు.

ఆ కబురు చెప్పింది బ్యాంకులో అప్పుల దరఖాస్తులు చూసే అమ్మాయి. చెప్పేముందు రెండుసార్లు స్క్రీను వైపు, రెండుసార్లు జాగ్రత్తమ్మ వైపు చూసింది. తర్వాత కూతురి వైపు తిరిగి గొంతు తగ్గించింది.

"మీతో పాటు సంతకం పెట్టాల్సింది మీ అమ్మగారే కదండీ?"

"అవునండీ, ఈవిడే."

"రిపోర్టులో ఆవిడ లేరండీ."

"పేరు ఎక్కలేదా?"

"పేరుంది. మనిషే లేరు." ఆ అమ్మాయి స్క్రీనుని వాళ్ళ వైపు తిప్పింది. "క్రెడిట్ రిపోర్టులో 'ఖాతాదారు మరణించారు' అని ఉంది. పోయినవాళ్ళు హామీ సంతకం పెడితే మా బ్యాంకు ఒప్పుకోదు. ఏ బ్యాంకూ ఒప్పుకోదనుకోండి."

జాగ్రత్తమ్మ మొట్టమొదట చేసిన పని, ఎవరూ చూడకుండా బల్ల కింద తన మణికట్టు పట్టుకుని నాడి చూసుకోవడం. నాడి దొరకడానికి కాస్త టైము పట్టింది. ఆ కాస్తసేపూ ఆవిడ బ్యాంకు మాటే నమ్మింది.

జాగ్రత్తమ్మ అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. ఇరవై రెండేళ్ళుగా పెద్దాస్పత్రి లాండ్రీలో ఆవిడ పని దుప్పట్లకీ దిండు గలీబులకీ చెరగని సిరాతో వార్డు పేర్లు రాయడం. పేరు రాయని గుడ్డ ఉతుక్కి పోయిందంటే మళ్ళీ కంటపడదు. చేరిన మొదటిరోజు అక్కడి మేస్త్రీ చెప్పిన పాఠం ఒక్కటే: ముందు రాయి, తర్వాత మడత పెట్టు. ఎనిమిదో తరగతితో బడి మానేసిన మనిషికి అంతకన్నా పనికొచ్చిన చదువు ఇంకోటి లేదు. ఆ చదువుని ఆవిడ లాండ్రీలో వదిలేసి రాలేకపోయింది. ఇంట్లో గొడుగు మీద తన పేరు, బకెట్టు మీద తన పేరు, కత్తెర మీద, వానాకాలం చెప్పుల అడుగున తన పేరు. ఇక కాగితమైతే చెప్పనే అక్కర్లేదు. చేతికి ఏ కాగితం వచ్చినా, అందులో ఏముందో చూడకముందే పైన మొదటి గీత మీద పేరు రాసేస్తుంది. తప్పిపోతే తిరిగి రావాలి కదా. పక్కింటావిడ చదివి ఇవ్వమని ఇచ్చిన వారపత్రిక మీద కూడా ఒకసారి అలాగే రాసేసి, ఏడాదిపాటు సూటిపోటి మాటలు పడింది. లాండ్రీలో వాళ్ళు ఇవన్నీ చూసి చూసి ఆ పేరు పెట్టారు. మొదట్లో వెక్కిరింపుగానే పెట్టారు. తర్వాత జీతాల పట్టీ రాసే గుమాస్తా కూడా అలాగే పిలవడం మొదలెట్టాడు.

అప్పు ఆవిడకి కాదు, కూతురికి. కూతురు ఐదేళ్ళుగా ఒక కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తోంది. అద్దం అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టడంలో ఆ పిల్ల చేతికి తిరుగులేదు. దుకాణం పెద్దాయనకి ఈమధ్య చెయ్యి వణుకుతోంది, అమ్మేసి విశ్రాంతి తీసుకుందామనుకుంటున్నాడు.

"నీకే ఇస్తానమ్మాయ్, అద్దాలు కోసే మిషనుతో సహా. కానీ వచ్చే నెలాఖరు దాకానే ఆగుతాను. ఫోన్లకి కవర్లు అమ్మేవాడొకడు అడ్వాన్సు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు," అన్నాడు.

ఆ కవర్లవాడు వస్తే మిషను పాత ఇనుముకి పోతుంది, కూతురు వీధిలోకి పోతుంది. బ్యాంకు అప్పిస్తానంది, ఖాయమైన జీతం ఉన్నవాళ్ళెవరైనా పక్కన సంతకం పెడితే. ఖాయమైన జీతం జాగ్రత్తమ్మకి ఉంది. తీరా చూస్తే మనిషే ఖాయంగా లేదని తేలింది.

ఇంటికి చేరేసరికి ఆవిడ మనసులో నాలుగు కేసులు, రెండు జైళ్ళు సిద్ధమైపోయాయి. చచ్చిన మనిషికి ఆస్పత్రి ఆరేళ్ళు జీతం ఇచ్చింది గనక అదంతా వెనక్కి కక్కమంటారు. చచ్చిన మనిషి ఓటు వేసింది గనక అదొక నేరం. చచ్చిన మనిషి పేరున అద్దె కాగితం ఉంది గనక ఇల్లుగలావిడ సామాను బయట పెట్టిస్తుంది.

"వాళ్ళు లెక్క సరిచేయడానికి ఎవర్నైనా పంపితే?" అంది కూతురితో.

"ఏ లెక్క?"

"కాగితంలో పోయానని ఉంది. నేనేమో ఇక్కడున్నాను. రెంటిలో ఏదో ఒకటి మార్చాలి కదా. కాగితం మార్చడం కష్టమైతే..."

"అమ్మా, నువ్వు కాసేపు పడుకో."

"పడుకోను. పడుకుంటే లేస్తానో లేదో."

సాయంత్రం కబురు విని తమ్ముడొచ్చాడు. సిటీ బస్సు నడుపుతాడు, అక్క భయాలు వింటూ పెరిగినవాడు. గుమ్మంలోనే ఆగి, "ఏమ్మా మేనకోడలా, మీ అమ్మ ఉందా?" అన్నాడు.

"ఉందనే అనుకుంటున్నాం మామయ్యా. బ్యాంకువాళ్ళే ఒప్పుకోవట్లేదు."

"పోయినవాళ్ళని ఒక్క మాట కూడా అనకూడదంటారు. ఈ ఆరేళ్ళలో నిన్ను ఎన్నెన్ని మాటలన్నానో అక్కా. మనసులో పెట్టుకోకు."

"నవ్వు, నవ్వు. చచ్చిన మనిషికి టిక్కెట్టు ఇచ్చారని రేపు నీ ఉద్యోగం ఊడుతుంది."

"టిక్కెట్టెందుకూ, పోయినవాళ్ళకి పాసు ఉంటుందిలే. కిటికీ పక్కన కూర్చో."

ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చుని రిపోర్టు తీశారు. నాలుగు పేజీలు. కూతురు గట్టిగా చదివింది, తమ్ముడు ఊ కొట్టాడు, జాగ్రత్తమ్మ ప్రతి మాటకీ కొంచెం కొంచెం కుర్చీలోకి దిగిపోయింది. పుట్టిన తేదీ సరిగ్గానే ఉంది. పనిచేసే చోటు సరిగ్గానే ఉంది. చిరునామా మాత్రం పాత అద్దె ఇల్లు. కింద ఒకే ఒక్క అప్పు: ఫ్రిజ్జుకీ బట్టలుతికే మిషనుకీ కలిపి, బజారు మలుపులో ఉన్న ఒక రుణ సంస్థలో తీసుకున్నది. జీతం చీటీ ఉన్నది ఆవిడకి గనక మొదటి ఖాతాదారు ఆవిడ, రెండో ఖాతాదారు భర్త. ఆ అప్పు ఇంకా తీరకుండానే ఆయన పోయాడు.

"ఇదిగో," అంది కూతురు వేలు పెట్టి చూపిస్తూ. "మొదటి ఖాతాదారు మరణించినట్లు సమాచారం అందినది. తేదీ కూడా వేశారు."

జాగ్రత్తమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టింది. "మీ నాన్న పోయిన మూడో వారం."

కూతురు కాగితం దగ్గరికి జరుపుకుంది. "ఆ తేదీ తర్వాత పద్నాలుగు గళ్ళున్నాయి. అన్నిట్లోనూ వాయిదా అందింది, గడువుకి ముందే అందింది, అని ఉంది."

"అంటే పోయాక కూడా కట్టావా అక్కా?"

"కట్టక? కట్టకపోతే ఊరుకుంటారా?"

"బతికున్నవాళ్ళే ఎగ్గొట్టి తిరుగుతుంటే, పోయాక పద్నాలుగు వాయిదాలు కట్టినదానివి నువ్వొక్కదానివే అయుంటావు. నిన్ను కాదన్న బ్యాంకుకి బుద్ధి లేదు."

"ఒక్కరైనా అడగలేదేమిటి, పోయినావిడ పేరున డబ్బు ఎవరు కడుతున్నారని?" అంది కూతురు.

"డబ్బొస్తుంటే కట్టేది మనిషా దెయ్యమా అని ఎవరడుగుతారే," అన్నాడు మామయ్య.

ఇక ఇది ఎవరి పని అన్న విచారణ మొదలైంది. జాగ్రత్తమ్మకి మొదటి అనుమానం ఆడపడుచు మీద. "నీ భయాలతో నువ్వే ముందు పోతావు వదినా" అని ఆవిడ ఒకసారి అంది. ఆ మాట కంప్యూటర్ దాకా ఎలా పోయిందో తెలియక ఆ అనుమానం వదులుకోవాల్సి వచ్చింది. రెండోది, ఎవరో తన పేరు దొంగిలించారని. పేరు దొంగిలించినవాళ్ళు దాంతో అప్పులు చేస్తారు గానీ చావరని కూతురు సర్దిచెప్పింది. చివరికి, రుణ సంస్థలో ఎవడో చదువురాని మొద్దు తప్పు గడిలో తప్పు పేరు రాశాడని ముగ్గురూ ఒక అభిప్రాయానికి వచ్చారు. ఆ మొద్దుని తిట్టుకున్నాక జాగ్రత్తమ్మకి కాస్త ఆకలి కూడా వేసింది.

రిపోర్టు తయారుచేసే సంస్థకి కూతురు ఫోన్లోనే ఫిర్యాదు పెట్టింది. 'తప్పేమిటో వివరించండి' అని ఒక చిన్న గడి ఉంది. జాగ్రత్తమ్మ, భర్తకి మొదటిసారి దగ్గు వచ్చిన రోజు నుంచీ చెప్పుకొచ్చింది. కూతురు అంతా విని, 'నేను బతికే ఉన్నాను' అని కొట్టింది.

"అంతేనా?"

"గడి అంతే ఉందమ్మా. ఆరోగ్యంగా ఉన్నానని కలపనా?"

"వద్దు. అది రాసిన రోజే జ్వరం వస్తుంది."

పద్దెనిమిది రోజులకి జవాబు వచ్చింది. అప్పిచ్చిన సంస్థని అడిగాం, వాళ్ళు రికార్డు చూసి సమాచారం సరైనదేనని ధ్రువీకరించారు, కనుక ఏ మార్పూ చేయడం లేదు, అని.

"చూశావా, రెండోసారి కూడా చంపారు," అంది జాగ్రత్తమ్మ. అయితే ఈసారి గొంతులో భయంతో పాటు కోపం కూడా ఉంది. నెలాఖరుకి పన్నెండు రోజులే ఉంది. ఆ పొద్దున కళ్ళజోళ్ళ దుకాణానికి కవర్లవాడు టేపు తెచ్చి గోడలు కొలుచుకుని పోయాడట. కూతురు ఆ మాట చెప్పి ఊరుకుంది, ఏడవలేదు. ఏడ్చి ఉంటే జాగ్రత్తమ్మకి ఓదార్చే పనైనా దొరికేది. ఏం తోచక లాండ్రీకి సెలవు పెట్టింది. ఇరవై రెండేళ్ళలో అది ఆవిడ పెట్టిన ఏడో సెలవు.

సంచీలో ఉన్న కాగితాలన్నీ సర్దింది: ఆస్పత్రి గుర్తింపు కార్డు, జీతం చీటీలు, కరెంటు బిల్లులు, పద్నాలుగు వాయిదాల రసీదులు. పైగా లాండ్రీ కింద అంతస్తులో కూర్చునే డాక్టరమ్మ దగ్గరికి పోయి, తను బతికి ఉన్నట్టు ఒక సర్టిఫికెట్ ఇవ్వమంది. డాక్టరమ్మ బీపీ చూసి, "మీరు బతికే ఉన్నారమ్మా. ఉండాల్సినదానికన్నా కొంచెం ఎక్కువే బతికున్నారు. ఉప్పు తగ్గించండి," అని రాసిచ్చింది. ఆ సర్టిఫికెట్ చేతికి రాగానే, ఎందుకైనా మంచిదని, జాగ్రత్తమ్మ దాని పైన తన పేరు రాసుకుంది.

రుణ సంస్థ టైర్ల కొట్టు పైన, మొదటి అంతస్తులో ఉంది. మెట్లు ఇరుకు. రబ్బరు వాసన. కౌంటరు మీద దారంతో కట్టిన పెన్ను. దాని వెనక ఒక నడివయసు గుమాస్తా, ముక్కు మీద కళ్ళజోడు ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. కూతురు ఆయన మొహం కన్నా ముందు ఆ కళ్ళజోడుని చూసింది. వృత్తి అలాంటిది.

గుమాస్తా కంప్యూటర్లో నంబరు కొట్టి, ఇబ్బందిగా తలెత్తాడు. "అమ్మా, మా రికార్డు ప్రకారం మీరు..."

"పోయాను. తెలుసు. ఆ సంగతి మాట్లాడదామనే వచ్చాను."

"రాతపూర్వకంగా సమాచారం వస్తే గానీ మేం అలా వేయమండీ."

"ఎవరు రాశారో ఆ కాగితం తీయి బాబూ. నేను చూడాలి."

గుమాస్తా లోపలి గదిలోకి పోయాడు. బీరువా తలుపు మూలిగింది, కట్టలు ఒకదాని మీద ఒకటి పడిన చప్పుడైంది. ఆ పావుగంటా జాగ్రత్తమ్మ తగ్గలేదు. ఇన్నేళ్ళ భయమూ ఒక మనిషి మీద చూపించుకునే అవకాశం దొరకడం ఆవిడకి ఇదే మొదలు.

"అడ్డగాడిద. ఒక మనిషిని చంపేముందు ఒక్కసారి చదువుకోవద్దూ? కింద సంతకం పెట్టేముందు పైన ఏం రాశామో చూసుకోవద్దూ? ఇలాంటివాళ్ళ చేతికి పెన్ను ఎవరిచ్చారో గానీ, వాళ్ళని అనాలి."

"మెల్లగా అమ్మా."

"మెల్లగా ఏమిటి? ఆ చేతిరాత చూస్తే చాలు, మనిషి ఎంత మొద్దో చెప్పేస్తాను."

గుమాస్తా దుమ్ము దులుపుకుంటూ వచ్చి ఫైలు కౌంటరు మీద పెట్టి, ఆవిడ వైపు తిప్పాడు.

చదవక్కర్లేకపోయింది. అక్షరాలు పెద్దవి, ఒకదానికొకటి తగలకుండా, ఆ చివర నుంచి చూసినా కనపడేలా, దుప్పటి మూల మీద రాసినట్టు ఉన్నాయి. పై గీత మీద 'మరణించిన ఖాతాదారు పేరు' అని అచ్చు వేసి ఉంది. దాని ఎదురుగా ఆవిడ పేరు. కింద 'సమాచారం ఇచ్చేవారి పేరు' అన్న చోట మళ్ళీ ఆవిడ పేరే. 'మరణించినవారితో బంధుత్వం' అన్న చోట, భార్య. అడుగున సంతకం. దారం పెన్ను సిరా అక్కడక్కడా ఆగి ఆగి పడింది.

కూతురు పైనుంచి కిందికి ఒకసారి చదివింది. మళ్ళీ చదివింది.

"అమ్మా."

"ఊ."

"ఆ అడ్డగాడిదని ఏం చేద్దామంటావు?"

జాగ్రత్తమ్మ సంచీ ఒడిలోకి లాక్కుంది. "పోనీలేవే. పాపం, ఏ కష్టంలో ఉండి రాసిందో."

ఆ రోజు గుర్తుంది, అంటే పూర్తిగా గుర్తు లేదు. ఇంట్లో మనిషి పోయినట్టు అప్పిచ్చినవాళ్ళకి చెప్పకపోతే నేరమని ఎవరో అంటే, మూడో వారంలో లేచి ఒక్కతే వచ్చింది. దారం పొట్టిగా ఉండి కౌంటరు మీదికి బాగా వంగి రాయాల్సి వచ్చింది. అది గుర్తుంది. కాగితం చేతికిచ్చారు, ముందు పేరు రాసేసింది. మిగతా గీతల మీద ఏముందో అప్పుడు కళ్ళకి ఆనలేదు.

"నాకెందుకు చెప్పలేదు? నేనొచ్చేదాన్ని కదా," అంది కూతురు.

"నీకు పరీక్షలు."

కూతురు తల్లి సంచీ పక్కనే తన చెయ్యి పెట్టి కూర్చుంది.

జాగ్రత్తమ్మే ముందు తేరుకుంది. ఓడిపోయినవాళ్ళకి ఏదో ఒక మూల దొరక్కపోదు. ఆవిడ చూపు సంతకం పక్కనున్న గుండ్రటి ముద్ర మీద ఆగింది.

"ఇదేమిటి బాబూ?"

"అది... సంతకం సరిచూడబడినది అని ముద్ర."

"ఎవరి సంతకం?"

"ఖాతాదారుదండీ. అప్పు తీసుకున్నప్పుడు పెట్టిన నమూనా సంతకంతో పోల్చి, సరిపోతేనే..." గుమాస్తా అక్కడే ఆగిపోయాడు.

"సరిపోయిందన్నమాట," అంది కూతురు. "పోయినావిడ స్వయంగా వచ్చి సంతకం పెట్టారని సరిచూసి ముద్ర వేశారు."

గుమాస్తా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఫైలు వెనక కుట్టి ఉన్న మరణ ధ్రువపత్రం తిప్పి చూశాడు. అందులో భర్త పేరు శుభ్రంగా ఉంది. ఆరేళ్ళలో ఆ రెండు కాగితాలనీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు ఎవరూ లేరు. పోయిన వారం 'సమాచారం సరైనదే' అని ధ్రువీకరించినవాళ్ళు కూడా.

"ముద్ర పక్కన ఈ పొట్టి సంతకం ఎవరిది?" అని అడిగింది జాగ్రత్తమ్మ.

"నాదేనమ్మా."

ఇద్దరూ కౌంటరుకి అటూ ఇటూ, ఒకే ఇంట్లో దొరికిపోయిన ఇద్దరు దొంగల్లా కాసేపు కూర్చున్నారు.

"అయితే మనిద్దరం కలిసే చంపాం," అంది ఆవిడ. ఒక్కతే కాదు అన్న నిశ్చింతలో గొంతు కూడా తేలికైంది.

"మంచినీళ్ళు తాగుతారా అమ్మా?" అన్నాడు గుమాస్తా. వచ్చి అరగంటైనా అంతవరకూ ఆయన ఆ మాట అడగలేదు.

తర్వాత పనులు చకచకా జరిగాయి. తప్పు ఒక్కరిదే అయితే నెలలు పట్టేది. రెండువైపులా ఉంది గనక ఎవరికీ సాగదీయాలని లేదు. కొత్తగా ఒక సవరణ పత్రం నింపితే ఈ రోజే మేనేజరు సంతకం చేయించి, రిపోర్టు సంస్థకి తనే పంపిస్తానన్నాడు. ఐదు రోజుల్లో మారిపోతుందన్నాడు. పత్రం తెచ్చి ముందు పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"ఒక్క సంగతమ్మా. మీరు పోయారని వేశాం గదా. మీ ఆయన మాత్రం మా లెక్కల్లో ఉన్నారు."

"ఉన్నారంటే?"

"బతికే ఉన్నారు. పద్నాలుగు వాయిదాలూ ఆయన కట్టినట్టే ఎక్కింది. 'గడువు తప్పని ఖాతాదారు' అని గుర్తు కూడా పడింది. కొత్త అప్పు కావాలా అని రెండుసార్లు ఉత్తరం కూడా రాశాం."

జాగ్రత్తమ్మకి నవ్వొచ్చింది. "ఆయనా? కరెంటువాళ్ళు వచ్చి తీగ పీకితే గానీ బిల్లు కట్టని మనిషి. గడువు తప్పడట."

"నాన్నకి ఇది తెలిసుంటే నీతో ఎన్ని మాటలనేవాడో," అంది కూతురు.

"ఏడాదిపాటు అనేవాడు."

గుమాస్తా పత్రాన్ని ఇంకొంచెం ముందుకు జరిపాడు. "మీరు ఇందులో బతకాలంటే, ఆయన్ని..."

జాగ్రత్తమ్మ పెన్ను తీసుకుంది. చెయ్యి దాని పాటికి అది పై గీత మీదికి పోయింది. కూతురు మణికట్టు పట్టుకుంది.

"ముందు చదువమ్మా."

చదివింది. పెదవులు కదుపుతూ, వేలు పెట్టుకుని, పై అంచు నుంచి కింద సన్నక్షరాల్లో ఉన్న పత్రం నంబరు దాకా చదివింది. గుమాస్తా భోజనం వేళ దాటిపోతున్నా లేవలేదు. పై గీత దగ్గరికి మళ్ళీ వచ్చింది. మరణించిన ఖాతాదారు పేరు. పెన్ను అక్కడే ఆగింది.

"ఇది రాశాక ఆ మంచి పేరు పోతుందా బాబూ?"

"కట్టినవి కట్టినట్టే ఉంటాయమ్మా. మీ పేరు మీదికి వస్తాయి."

"నాకెందుకు? ఆయన దగ్గరే ఉంచెయ్యకూడదూ?"

"కుదరదమ్మా."

ఆవిడ దారం పెన్నుని వేళ్ళ మధ్య ఒకసారి తిప్పింది. ఎక్కడో ఒక బీరువాలో ఆయన ఆరేళ్ళుగా ఉన్నాడు, అదీ ఎవరికీ బాకీ లేకుండా. తను ఇంట్లో గ్యాసు మీటా తలుపు గడియా చూసుకుంటూ తిరుగుతుంటే, ఇక్కడ టైర్ల కొట్టు పైన దర్జాగా ఉన్నాడు. పక్కన కూతురు గడియారం వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడుతోంది. జాగ్రత్తమ్మకి అది కనపడింది.

"ఆరేళ్ళు చాల్లే," అంది. "ఆయన్ని అంత బుద్ధిమంతుడని ఇంకెవరూ అనలేదు, నాతో సహా."

వంగి, పెద్దపెద్ద అక్షరాలతో, ఒకదానికొకటి తగలకుండా ఆయన పేరు రాసింది. కింద సమాచారం ఇచ్చేవారి చోట తన పేరు. బంధుత్వం, భార్య. సంతకం.

గుమాస్తా ముద్ర అందుకోబోతుంటే కూతురు ఆపింది. "ఒక్క నిమిషం. మీ కళ్ళజోడు ఇటివ్వండి." కాడ వంచి, ముక్కు దగ్గర నొక్కి, వెలుగుకి పెట్టి చూసి తిరిగిచ్చింది. "ఇప్పుడు సరిచూడండి."

ఆయన మూడుసార్లు సరిచూశాడు.

ఐదు రోజులన్నది ఏడు రోజులైంది. ఆ ఏడు రోజుల్లో జాగ్రత్తమ్మ రుణ సంస్థ తగలబడటం, గుమాస్తాకి బదిలీ కావడం, కంప్యూటర్లో తన బదులు కూతురు పోవడం, అన్నీ ఊహించుకుంది. ఎనిమిదో రోజు బ్యాంకు అమ్మాయి స్క్రీను చూసి, "ఇప్పుడున్నారమ్మా," అంది. అంతే కాదు, పద్నాలుగు వాయిదాలూ గడువుకి ముందే కట్టినందుకు స్కోరు చాలా బాగుందని, ఇంత మంచి రిపోర్టు ఈ నెలలో చూడలేదని కూడా అంది. నెలాఖరుకి రెండు రోజుల ముందు పెద్దాయన తాళాలు కూతురి చేతిలో పెట్టాడు. కవర్లవాడు టేపు మడుచుకుని పోయాడు.

దుకాణం తెరిచిన రోజు తమ్ముడు బస్సుని మలుపులో ఆపి మరీ వచ్చాడు. "చచ్చి సాధించింది మా అక్క," అన్నాడు పెద్దాయనతో.

"నువ్వు బస్సు దగ్గరికి పో. బ్రేకు వేశావో లేదో," అంది జాగ్రత్తమ్మ.

వాడు పోయాక ఆవిడ సంచీలోంచి చెరగని సిరా పెన్ను తీసింది. అద్దాలు కోసే మిషను పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, మూత తీసి, పైకి చూసింది.

"ఇది ఎవరి పేరున ఉందే?"

"నా పేరునేనమ్మా."

"కాగితం చూపించు."

కూతురు పని ఆపి కాగితం తెచ్చి చూపించింది. జాగ్రత్తమ్మ మొదటి నుంచి చివరిదాకా చదివాకే మిషను అడుగున కూతురి పేరు రాసింది.

క్రెడిట్ రిపోర్టు ఇప్పుడు ఆవిడ మూడు నెలలకోసారి తెప్పించుకుంటుంది. కూతురు ఫోన్లో తెరిచేలోపు బల్ల కింద నాడి చూసుకుంటుంది. రెండూ ఒకే మాట చెప్పాక గానీ కాఫీ ముట్టదు.